బ్యాంకు తాళానికి బొట్టు

"ఈ తాళానికి బొట్టు ఎవరు పెట్టిండ్రు?"

దసరా మర్నాడు పొద్దున్నే పెన్‌గంగ జిన్నింగ్ కంపెనీ గోదాము ముందు నిలబడి ఒక కొత్త మనిషి అడిగిన మాట ఇది. చేతిలో తోలు సంచీ, కాలికి సైకిల్ క్లిప్పు, మొహంలో మూడు జిల్లాల చిరాకు.

పత్తి కాటా దగ్గర కూర్చున్న తారాబాయికి నవ్వొచ్చింది. అయినా బిగబట్టుకుంది. మిల్లు లెక్కలన్నీ చూసే పిల్ల బ్యాంకు మనిషిని చూసి నవ్వితే ఏం బాగుంటుంది!

"మా ఆజీ పెట్టింది సార్. పండుగ గదా! మిషన్లకు పెట్టింది, కాటాకు పెట్టింది. తాళం ఒక్కటే ఏం పాపం చేసింది?"

"బొట్టుకేం లేదు. మా లక్కసీలు ఏది?"

తారాబాయి అప్పుడు చూసింది. నిన్నటిదాకా నల్లగా మాసి ఉన్న ఇత్తడి తాళం బంగారంలా మెరుస్తోంది. పసుపు, కుంకుమ, పైన బంతిపువ్వు. దాని నోటిమీద ఉండాల్సిన ఎర్ర లక్కముద్ర మాత్రం లేదు. నవ్వు ఎటు పోయిందో పోయింది.

ఆ గోదాములో పత్తి బేళ్లు కంపెనీవే గానీ, తాళం బ్యాంకుది. వంద రూపాయల సరుకు లోపల పెడితే బ్యాంకు డెబ్బై అప్పిస్తుంది. ఆ డబ్బుతో రైతుల దగ్గర పత్తి కొంటారు, బేళ్లు కడతారు, అమ్మినప్పుడల్లా అప్పు కట్టేసి ఆ మేరకు సరుకు విడిపించుకుంటారు. ఎంతవరకు అప్పివ్వాలన్న ఈ లిమిటును బ్యాంకు ఏడాదికోసారి మళ్లీ మంజూరు చేయాలి. దీపావళి దాటితే పెన్‌గంగ ఒడ్డు ఊళ్ల నుంచి బండ్లు వరుస కడతాయి. రైతు చేతిలో రొక్కం పెట్టలేని మిల్లు ముందు ఏ బండీ ఆగదు. సీలు పగిలిందంటే సరుకు దొంగతనంగా తీశారని అర్థం. అలాంటి కంపెనీకి లిమిటు ఎవరిస్తారు?

"ఆజీ!" అని కేకేసింది తారాబాయి.

నాయనమ్మ గంగుబాయి కాసెపోసిన చీర సర్దుకుంటూ వచ్చింది. "గా ఎర్రగ గడ్డకట్టింది మురికి గాదా? చింతపండు పెట్టి తోమిన. ఎట్ల మెరుస్తుందో సూడు కొడుకా!" అని బ్యాంకు మనిషినే మెప్పు అడిగింది.

అతను నోరు తెరిచాడు. ముసలమ్మ మొహం చూసి మళ్లీ మూసుకున్నాడు. "మంచిగ మెరుస్తుంది ఆజీ" అన్నాడు చివరికి. "గని ఇప్పుడు లోపలున్న బేళ్లన్నీ లెక్కపెట్టాలె."

అతని పేరు దశరథం. ఊరు సుల్తానాబాద్. బదిలీ మీద వచ్చి వారం కాలేదు.

హమాలీలు బేళ్లు దొర్లిస్తుంటే అతను అటు నుంచి, ఆమె ఇటు నుంచి లెక్క మొదలుపెట్టారు. దూది నుసి ఇద్దరి తలల మీదా పడింది.

"మీ సుల్తానాబాద్ల దసరాకు దేనికీ బొట్టు పెట్టరా?"

"పెడ్తం. బ్యాంకు తాళాలు తోమం."

"అందుకే మాసిపోయి ఉంటయి!"

"మీరు జర ఊకోండ్రి. లెక్క తప్పుతున్న."

నిజంగానే తప్పాడు. వరుస మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. బేళ్ల సందులోంచి అతను తన వైపు చూడటం, చూసి చటుక్కున కాగితం వైపు తిరగడం తారాబాయి గమనించకపోలేదు. లెక్క తప్పింది తన మాటలవల్ల కాదని ఆమెకు తెలిసిపోయింది. తెలిసి ఊరుకుంది.

సాయంత్రానికి ఇద్దరి లెక్కా బ్యాంకు లెక్కతో అచ్చంగా కలిసింది. బయట అకాలపు వాన మొదలైంది. వసారాలో నిలబడి అతను రిపోర్టు రాశాడు. పండుగపూట తోమినప్పుడు సీలు ఊడిందని, సరుకు సరిగ్గా ఉందని.

"సీలు మాట రాయకుంటే ఏం పోయింది? సరుకు సరిపోయింది గదా!"

"సీలు లేకుండుడు చూసిన. సరుకు ఉండుడు చూసిన. రెండూ రాయాలె."

మొండి మనిషి అనుకుంది తారాబాయి. వాన తగ్గాక సైకిల్ వెళ్లిపోతుంటే, ఇంకాసేపు కురిస్తే వానదేం పోయేదో అని కూడా అనుకుంది.

బ్యాంకు మేనేజరు ఆ రిపోర్టు చదివి కొత్త సీలు వేయమన్నాడు. ఆ తర్వాత బేళ్లు విడిపించే ప్రతిరోజూ దశరథం వచ్చేవాడు. గంగుబాయి టీ పోస్తూ పోస్తూ అతని ఇంటిపేరు, గోత్రం, పెళ్లి కాలేదన్న సంగతి అన్నీ రాబట్టింది. బ్యాంకు వాళ్లు కూడా అంత విచారణ చేయరు.

ఒకరోజు దశరథం టీ తాగుతుండగా తారాబాయి తండ్రి మల్లన్న కొత్త ఊహతో వచ్చాడు. రైతుల వాటాలతో ఆ కంపెనీ పెట్టిన మనిషి. ఆశ ఎక్కువ, ఓపిక తక్కువ.

"ఈసారి లిమిటు పెంచమందాం బిడ్డా. అండ్లకెల్లి తీసి బేళ్లు కట్టే కొత్త ప్రెస్సు కొందాం."

"వద్దు బాపు. సీజన్ అప్పు సీజన్‌లనే తీరాలె. ప్రెస్సు తన ఖరీదు సంపాదించాలంటే ఐదేండ్లు పడ్తది. బ్యాంకు ఆర్నెల్లల్ల పైసలు అడిగితే ఏం జేస్తం, ప్రెస్సు విప్పి ఇస్తమా? దానికి వేరే అప్పు, వేరే కిస్తీలు అడుగుదాం."

మల్లన్న దశరథం వైపు తిరిగాడు. "నువ్వు జెప్పు సార్!"

"మీ బిడ్డ చెప్పినంక నేను చెప్పేదేముంది?" అన్నాడు దశరథం. ఆ చూపులో మెచ్చుకోలు కంటే ఇంకేదో ఎక్కువ ఉంది. తారాబాయి కాటా రాళ్లు అవసరం లేకపోయినా సర్దింది.

లిమిటుకు సిఫార్సు రాయాల్సింది అతనే. ఇక ఫికరు లేదనుకుంది.

తీరా దీపావళి వారంలో సైకిల్ మీద రాజం అనే వేరే బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. నడివయసు, ముక్కుమీద కోపం.

"దశరథం సార్ రాలేదా?"

"ఈ మిల్లు పని నాకొద్దని మేనేజరుకు రాసిచ్చిండు. ఎందుకో నాకేం ఎరుక!"

ఇన్నాళ్లు టీ తాగి, నవ్వి, తీరా సంతకం పెట్టాల్సొస్తే తప్పుకున్నాడా? మా కంపెనీ మీద అంత నమ్మకం లేదా? తారాబాయికి దుఃఖం కంటే ముందు రోషం వచ్చింది. కొంగు బిగించింది.

రాజం అడిగిన ప్రతి ప్రశ్నకూ తనే జవాబు చెప్పింది. ఏ అప్పు దేనికి, ఏది ఎప్పుడు తీరుతుంది, పత్తి ధర పడిపోతే ఏ బేళ్లు ముందు అమ్మి బాకీ తగ్గిస్తారు, అన్నీ. రాజం ముక్కుమీద కోపం మెల్లగా దిగింది. దీపావళి ముందురోజు లిమిటు మంజూరైంది. ప్రెస్సుకు వేరే అప్పు కూడా!

మల్లన్న పటాకులు కాల్చాడు. తారాబాయి గడప దాటలేదు.

పండుగ మర్నాడు దశరథం వాళ్లింటి ముందు సైకిల్ దిగాడు. తోలు సంచీ లేదు. ఇస్త్రీ చొక్కా ఉంది.

"దేనికొచ్చిండ్రు? ఈ మిల్లు మీకొద్దంటిరి గదా!"

"మిల్లు పని వద్దన్న."

"నమ్మకం లేకుంటే మొహం మీదనే చెప్పాల్సింది. బాపు మిమ్మల్ని ఇంట్ల మనిషనుకున్నడు. నేను..."

"నమ్మకం లేక కాదు తారాబాయీ." మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు. "సిఫార్సు నేను రాసి, లిమిటు వచ్చినంక మిమ్మల్ని లగ్గం చేసుకుంటనని అడిగితే, మీరు కాదనగల్గుతరా? గీయన రుణం ఉన్నది, మల్లచ్చే ఏడు మళ్ల గీయనే రాయాలె అనుకోరా? మిమ్మల్ని గట్ల అడుగుడు నాతోని కాదు. ఇప్పుడు మీ కంపెనీ నాకేం బాకీ లేదు. మీ బాపునింకా అడగలే. ముందుగాల మిమ్మల్నే అడుగుతున్న. నన్ను చేసుకుంటరా?"

తారాబాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ మొండి మనిషి మీద ఇన్ని రోజులు ఎంత కోపం పెంచుకుంది! తనకోసం, తను కాదనడానికి కూడా చోటుండాలని, రోజూ చూసే వీలు వదులుకున్నాడు. ఇంత ప్రేమ ఎదురుగా నిలబడి ఉంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తోచలేదు.

వంటింటి తలుపు వెనక గంగుబాయి గాజుల చప్పుడు ఆగిపోయింది.

"చేసుకోను" అంది తారాబాయి.

దశరథం మొహం పాలిపోయింది. అయినా తల ఊపాడు. "సరే. మీ ఇష్టం" అని వెనక్కి తిరిగి సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఆగుండ్రి!" కన్నీళ్లలోంచే నవ్వింది తారాబాయి. "కాదనుడు నాకు వస్తదని ఇప్పుడు నమ్మకం కుదిరిందా? ఇగ మల్లొకసారి అడుగుండ్రి."