బిగుసుకుపోయిన ఎనిమిది హబ్బులు

కరీంనగర్‌లోని డిటెక్టివ్ రోజారాణి ఆఫీసుకు శ్యాంసుందర్ వచ్చేసరికి సోమవారం మధ్యాహ్నం పన్నెండు. అతను సంచిని బల్ల మీద బోర్లించాడు. సైకిల్ చక్రం నడుమ, ఇరుసు చుట్టూ తిరిగే హబ్బులు రెండు దొర్లాయి. వేలితో తోస్తే ఒకటి గిర్రున తిరిగింది. రెండోది కదల్లేదు.

"ఎవడో నా పొట్ట మీద కొట్టిండు మేడం," అన్నాడతను.

మంచిర్యాల శివారులో అతనికి కార్ఖానా ఉంది. ఆరేళ్ల కిందట ఇద్దరితో మొదలై ఇప్పుడు ఇరవై రెండు మందికి పని ఇస్తోంది. బొగ్గు దుమ్ము, వాన నీరు చొరబడకుండా రెండు వైపులా రబ్బరు మూత ఉన్న హబ్బు అక్కడ కొత్తగా తయారైంది. గ్రీజు లోపలే ఉంటుంది, నూనె అక్కర్లేదు. దాన్ని చూడటానికి పెద్ద సైకిళ్ల కంపెనీ ఇంజనీరు మర్నాడు వస్తున్నాడు. అతను సరే అంటే నెలకు పదివేల హబ్బుల ఆర్డరు. చూపించడానికి పక్కన పెట్టిన పదహారింటిలో ఎనిమిది బిగుసుకుపోయాయి.

"అనుమానం ఎవరి మీద?"

"నరేశ్ మీద. నా ఫిట్టరు. పోయిన వారం హైదరాబాద్‌ల వేరే కంపెనీకి పోయి కొలువు అడిగిండట. అవి పెట్టిన షెడ్డు తాళంచెవులు ఇద్దరి దగ్గరనే ఉంటయ్. రెండోది కనకవ్వ దగ్గర. ఆమె కార్ఖానాల మొట్టమొదట చేరిన మనిషి, ఆమెను అనుమానపడితే పాపం తగుల్తది. ఇయ్యాల తేలకుంటే నరేశ్‌ను పోలీసులకు అప్పజెప్త."

రోజారాణి బిగుసుకున్న హబ్బును ముక్కు దగ్గర పెట్టుకుని, సహాయకుడు భానుప్రసాద్‌కు అందించింది.

"కిరసనాయిల్ వాసన మేడం!" అన్నాడు భానుప్రసాద్.

మూడు గంటలకు వాళ్లు కార్ఖానాలో ఉన్నారు. హబ్బులు రెండు అరల్లో పెట్టి ఉన్నాయి. చెడినవన్నీ కింది అరవే. తలుపు తాళం చెక్కుచెదరలేదు. హబ్బుల మీద గీత కూడా లేదు. చెడిన ప్రతి హబ్బుకూ ఇరుసు పక్కన, సరిగ్గా ఒకే చోట, సన్నని నూనె మరక ఉంది.

"ఎంత ఓపికగా చేశాడో!" అన్నాడు భానుప్రసాద్.

"పాడు చేసేవాడికి అంత ఓపిక ఎందుకు?" అంది రోజారాణి. భానుప్రసాద్ ఆ మాట వెంటనే రాసుకున్నాడు.

నరేశ్ ఎర్రబడ్డ కళ్లతో వచ్చాడు. "హైదరాబాద్ పోయిన. కొలువు అడిగిన. గది నేరమా? ఆ రబ్బరు మూతకు అచ్చు తీసిందే నేను మేడం. నా చేతులతోని నేనే ఎట్ల పాడు జేస్త?"

"అరల్లో పెట్టింది ఎప్పుడు?"

"శుక్రవారం. గప్పుడు అన్ని మంచిగనే తిరిగినయ్. శనివారం నేను రాలే. ఇయ్యాల పొద్దుగాల చూస్తే గిట్లున్నయ్."

తర్వాత కనకవ్వ. పొట్టి మనిషి. సిరిసిల్లలో సాంచెలనే మరమగ్గాల మీద ఇరవై ఏళ్లు పని చేసి వచ్చింది.

"శనివారం షెడ్డు తెరిచింది నువ్వేనా అవ్వా?"

"నేనే బిడ్డా. ఊడ్సిన, మిషన్లు తుడ్సిన. రోజూ చేసేదే."

"హబ్బులను ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎవ్వలు ముట్టలే."

భానుప్రసాద్ తలుపు తోశాడు. అది కిర్రుమంది. కనకవ్వ లేచి, కిటికీలోని పొడుగు ముక్కు నూనె డబ్బా అందుకుని, మడతబందుకు రెండు చుక్కలు వేసి మళ్లీ కూర్చుంది. తను లేచిన సంగతి ఆమెకే తెలిసినట్టు లేదు.

రోజారాణి కొత్త రబ్బరు మూతలు రెండు అడిగి తీసుకుంది. ఒకదాన్ని ఆ డబ్బాలోని నూనెలో నానేసింది.

"పోలీసులు వద్దు. రేపు ఇంజనీరు ముందే చెప్తాను."

"ఆయన ముందటనా? నా ఇజ్జత్ పోతది మేడం!" అన్నాడు శ్యాంసుందర్.

"దాస్తే పోతుంది," అంది రోజారాణి.

మంగళవారం పొద్దున ఇంజనీరు అరుణ్‌కుమార్ రాగానే ఆమె అందరినీ పిలిచి రెండు మూతలూ బల్ల మీద పెట్టింది. నూనెలో నానింది మెత్తబడి, ఉబ్బి, రెండోదానికంటే పెద్దదైంది.

"హబ్బులు చెడింది ఇలాగే. మూత ఉబ్బి ఇరుసును పట్టేసింది. కానీ చెడగొట్టాలనుకున్నవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు. కనకవ్వా, సాంచెల షెడ్డులో పొద్దున్నే మొదటి పని ఏమిటి?"

"నూనె వొయ్యాలె. వొయ్యకుంటే సాంచె నడుస్తదా? జర కిరసనాయిల్ కలిపితే ఇంకా మంచిగ దిగుతది."

"శనివారం హబ్బులకూ వేశావు కదా?"

"ఏసిన. ఎండిపోయినట్టు కనవడ్డయ్. పై అర నాకు అందలే."

భానుప్రసాద్ ఆగలేకపోయాడు. "ఎవరూ ముట్టలేదన్నావే!"

"నూనె ఏసుడు ముట్టుడైతదా నాయనా? గది ఊడ్సినట్టే గద!" అంటూనే కనకవ్వ ఉబ్బిన మూత వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, పొలగాని మీదికి నేనే తెస్తిని!"

అరుణ్‌కుమార్ హబ్బును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మా సైకిల్ కొనే ప్రతి ఇంట్లోనూ నూనె డబ్బా ఉంటుంది. వేయొద్దని రాసి అంటించినా వేస్తారు. మా పరీక్షల్లో ఇది బయటపడేది కాదు. నూనె పోసినా తిరిగే హబ్బు చేసి చూపించండి. నెల టైమిస్తాను."

శ్యాంసుందర్ తల దించుకున్నాడు. "నరేశ్, తప్పైంది. నిన్ను అనుమానపడ్డ."

నరేశ్ ఉబ్బిన మూతను వేళ్ల మధ్య నలిపి చూస్తున్నాడు.

"బండి పెట్రోల్ పైపు రబ్బరు నూనెకు ఉబ్బదు సార్," అన్నాడు చివరికి ఇంజనీరుతో. "దానితోని అచ్చు తీస్త. నెలెందుకు, ఇరవై రోజులు సాలు."

"మరి హైదరాబాద్ కొలువు?" శ్యాంసుందర్ గొంతు తగ్గింది.

"ముందుగాల ఇది తిరగనియ్ సేటూ. గని కనకవ్వ నా పక్కనే కూసోవాలె. గింత మంచిగ పాడు జేసేటోల్లు నాకు ఇంకేడ దొరుకుతరు?"

"నీ నోట్ల మన్ను వొయ్య," అంటూ కనకవ్వ కళ్లు తుడుచుకుని అతని వీపు మీద ఒక్కటి చరిచింది.