బియ్యం డబ్బాలో గోలీలు

పద్మమ్మను చంపింది కూతురే. ఆమె భర్త లక్ష్మీరాజం లెక్కలో అది ఏనాడో తేలిపోయిన సంగతి.

కూతురు రజిని పెళ్లప్పుడు అత్తగారివాళ్ల కంట పడకూడదని పద్మమ్మ తన హెచ్ఐవీ మందు గోలీలను బియ్యం డబ్బాలో దాచింది. చుట్టాలతో నిండిన ఇంట్లో వాటిని తీసి మింగే సందు దొరకలేదు. పెళ్లయ్యాక కూడా వియ్యాలవారి రాకపోకలు ఆగలేదు. ఆగిన గోలీలు మళ్లీ మొదలుపెట్టేలోపే జ్వరం మెదడుకెక్కి ప్రాణం తీసింది. తన గోలీలు మగ్గం కొట్టంలో పెట్టుకుని మింగిన లక్ష్మీరాజం మాత్రం మిగిలాడు.

ఇప్పుడు మనవడి పుట్టువెంట్రుకలు కొమురవెల్లి మల్లన్నకు ఇవ్వాలని రజిని, ఆమె అత్త అంజమ్మ సిద్దిపేటకు వచ్చి ఆయన ఇంట్లోనే ఉన్నారు. ఆ పొద్దున బియ్యం తీయబోయిన రజిని చేతికి తండ్రి గోలీల సీసా తగిలింది. మూత సీలు కూడా విప్పలేదు.

"ఇదేంది బాపూ? వేసుకుంటలేవా?"

"మీ అత్త వచ్చింది గదా. మీ అమ్మ దాసింది, నేను దాయద్దా?"

"పానం మీదికొస్తది!"

"రానీ. మీ అమ్మకు రాలేదా? నీ కాపురం సల్లగుంటే సాలు."

అప్పటికే ఆయన ఒళ్లు కాలుతోంది. ఆ సంగతి చెప్పలేదు. కూతురి ముఖం పాలిపోతుంటే ఆయనకు తృప్తిగానే ఉంది.

"గోలీలేంది బిడ్డా? అన్నకేమైంది?"

గడపలో అంజమ్మ నిలబడి ఉంది, చంకలో పిల్లాడు.

షుగర్ అంటుంది, బీపీ అంటుంది. లక్ష్మీరాజం కూతురి అబద్ధం కోసం కాచుకున్నాడు.

"మా బాపుకు హెచ్ఐవీ, అత్తమ్మా. అమ్మకు గూడ గదే ఉండె. పెళ్లప్పుడు మీకు చెప్పలే," అంది రజిని.

అంజమ్మ పిల్లాణ్ణి గుండెకు అదుముకుంది.

"గా రోగం ఇంట్లకు ఎవలు తెచ్చిన్రు?"

లక్ష్మీరాజం కూతురి వైపు చూశాడు. ముంబై పక్కన భివండీలో మగ్గాల పనికి పోయిన రోజుల్లో తెచ్చింది తానే. రజినికి తెలుసు. ఇన్నేళ్ల తన తిట్లన్నింటికీ బదులుగా ఆ ఒక్క మాట చాలు.

"ఎవలు తెస్తేంది? యాళ్లకు గోలీలు వేసుకుంటే మంచిగనే ఉంటరు. తాకితే అంటుకోదు, అత్తమ్మా."

అంజమ్మ లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. కాసేపటికి కొడుకుతో ఫోన్లో గుసగుసలు మొదలయ్యాయి.

"నా పేరెందుకు చెప్పలే?" అన్నాడు లక్ష్మీరాజం.

"చెప్తే అమ్మొస్తదా?"

ఆయన కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చాలాసేపు తీయలేదు.

"పా, దవాఖానకు పోదాం. డాక్టర్‌ను అడిగి మళ్ల సురువు జేద్దాం," అంది రజిని. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. "బాపూ, అమ్మను నేను..."

"సాలు. ఇగ ఆ ముచ్చట ఎత్తితే నా మీద ఒట్టే."

ఆ తర్వాత ఎవరు ఎన్నిమార్లు అడిగినా, పద్మమ్మ ఎట్లా పోయిందన్న మాట ఆయన నోట రాలేదు.