నైరుతి మూల నాలుగడుగులు

“మేడకి పర్మిషన్ రాలేదు వదినా...” అంటూ మరిది కిరణ్ ఒక కాగితం తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. కన్యక చేతిలోని గరిట పులుసు గిన్నెలోకి జారిపోయింది.

రాలేదా! ఇటుక దిగి వీధిలో ఉంది. వచ్చే గురువారం ముహూర్తం. కిరణ్ భార్య హారతికి ఆరో నెల. పురుడు వచ్చేనాటికి మేడ మీద ఆ ఇద్దరికీ ఒక వాటా తయారు కావాలని ఇల్లంతా ఏడాదిగా ఎదురుచూస్తుంటే, ఈ కొత్త ఎయిర్‌పోర్టు వచ్చి నెత్తిన కూర్చుంది! విమానాలు దిగే దారి సరిగ్గా ఈ ఊరి మీదుగానే పోతుందట. దాని కిందనున్న ఇళ్లు ఒక ఎత్తుకు మించి లేవకూడదట. పోనీ పొలంలో కట్టుకుందామంటే, చుట్టుపక్కల చేలల్లో అసలు కొత్త కట్టడాలే వద్దన్నారు. పక్కకి పెంచుదామంటే మూడువైపులా దాయాదుల గోడలు. తాతల నాటి సొంత నేలలో ఎటు కదలాలన్నా ఇప్పుడు ఎవరో ఒకరు సరేననాలి.

“నరసాపురంలో అద్దిల్లు చూశారక్కా. ఆదివారం వెళ్లిపోతాం” అంది హారతి తల దించుకుని. “మీ పిల్లలిద్దరూ పెద్దవాళ్లయ్యారు. ఉన్న మూడు గదుల్లో ఇంకా ఎలా సర్దుకుంటాం చెప్పండి...”

కన్యక పొయ్యి కట్టేసి గట్టుకి ఆనుకుంది. అత్తగారు పోయేనాటికి కిరణ్‌కి ఆరేళ్లు. కాళ్ల పారాణి ఆరకముందే ఆ పసివాణ్ణి ఒళ్లోకి తీసుకుంది తను. జ్వరమొచ్చి అమ్మా అని కలవరిస్తే పలికింది తను! అలాంటివాడి బిడ్డ ఎక్కడో అద్దింట్లో పాకడం నేర్చుకుంటే, తను చుట్టపుచూపుగా వెళ్లి చూసి రావాలా... ఆ పూట ఆమెకి అన్నం సయించలేదు.

సాయంత్రం ప్లాను గీసిన శ్యాంబాబు వచ్చాడు. కాగితం చదువుతూ చదువుతూ కుర్చీలోంచి లేచిపోయాడు.

“అభ్యంతరం మేడకి కాదండి! పైన మెట్లగది, దాని మీద నీళ్ల ట్యాంకు... నైరుతి మూల ఆ నాలుగడుగులే ఎక్కువయ్యాయండి. అవి తీసేసి ట్యాంకు కింద పెట్టుకుంటే మళ్లీ అప్లై చేసుకోవచ్చండి.”

అమ్మయ్య! కన్యక గబగబా వెళ్లి హారతి చేతులు పట్టుకుంది. తోటికోడళ్లిద్దరూ నవ్వుతూనే ఏడ్చేశారు. సావిట్లో కూర్చున్న మామగారు జీవరాజు తల అడ్డంగా ఊపారు.

“నైరుతి ఎత్తు తగ్గడానికి వీల్లేదు.”

“నాలుగడుగులే కదండి నాన్నగారూ” అన్నాడు కన్యక భర్త చంద్రరావు.

“ఆ మూల బోరు వెయ్యొద్దని నలుగురూ చెప్పినా నేను విన్లేదురా. అప్పట్లో ఈ ఇల్లు మీ అమ్మ పేరున ఉండేది. ఏడాది తిరక్కుండా వెళ్లిపోయింది. నైరుతి పాడైతే కీడు యజమానికేనంటారు. ఇప్పుడీ ఇల్లు ఎవరి పేరున ఉందో నీకు తెలియదా?”

ఇల్లు చంద్రరావు పేరున ఉంది. కన్యకకి ఒకపక్క కన్నకొడుకు లాంటి మరిది... మరోపక్క తన పసుపుకుంకుమలు! ఇవన్నీ పాతకాలపు మాటలని కొట్టిపారేద్దామంటే, ఆమెకీ నమ్మకం ఉంది. నమ్మనివాళ్లకి అన్ని మూలలూ ఒకటే. నమ్మేవాళ్లు ఎవరితో చెప్పుకోవాలి? ఏ దేవుడికి ఏమని మొక్కుకోవాలో తెలియక ఆమె రెండు రోజులు కుమిలిపోయింది.

శనివారం పొద్దున్న హారతి బట్టలు సర్దుకుంటుంటే జీవరాజు అందర్నీ సావిట్లోకి పిలిచారు.

“చంద్రం, ఇల్లు మళ్లీ నా పేరున రాసెయ్యి.”

“నేనేం తప్పు చేశానండి?” అన్నాడు చంద్రరావు మెల్లగా.

కన్యక ఇక ఉండబట్టలేకపోయింది. “ఇరవై రెండేళ్లుగా మీ మాటకి ఎదురు చెప్పలేదు మామయ్యగారూ. ఇవాళ అడుగుతున్నాను. చిన్నకొడుకు ఇల్లు దాటి పోతుంటే ఆపలేదు. పెద్దకొడుక్కి ఇచ్చింది వెనక్కి అడుగుతున్నారు. మేమంతా మీకేం కానివాళ్లమైపోయామా?”

ముసలాయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. “పిచ్చిదానా... ఆ నాలుగడుగులూ తీసెయ్యమని శ్యాంబాబుకి చెప్పేశాను. చిన్నాడు ఇక్కడే ఉండాలి. మరి దోషం ఎవరికో ఒకరికి తగలాలి గదా అమ్మాయ్! నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. తగిలితే నాకే తగలనీ. నీ మొగుడి పేరున ఎందుకుండాలది?”

అయ్యో... ఈ మనసునా తను ఇన్ని మాటలంది! కన్యక ఆయన కాళ్ల దగ్గర కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. చంద్రరావు గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. కాసేపటికి కన్యక కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. ఆమె కళ్లలో ఏదో పట్టుదల వచ్చింది.

“సరే, రాయించుకోండి. ఆ పక్కనే నా పేరు కూడా రాయించండి.”

“నీకు మతిపోయిందా?”

“ఆయన పేరూ ఉంటుంది. ఒక్కరి మీద పడితేనే అది కీడు మామయ్యగారూ. ఇంటిల్లిపాదీ పంచుకుంటే మనిషికో పడిశం వచ్చి పోతుంది.”

“అయితే ఆ పడిశం మాక్కూడా కావాలక్కా” అంది హారతి, చేతిలోని చీరని తిరిగి బీరువాలో పెట్టేస్తూ. కిరణ్ వదిన భుజం మీద తల వాల్చాడు.

రిజిస్ట్రేషన్ అయిన మర్నాడు శ్యాంబాబు కొత్త అప్లికేషన్ ముందేసుకుని కూర్చున్నాడు. “యజమాని పేరు చెప్పండి” అన్నాడు. అయిదుగురూ ఒక్కసారే మాట్లాడారు.

“ఇక్కడ ఒక్క గీతే ఉందండి” అన్నాడతను బిత్తరపోయి.

జీవరాజు కళ్లజోడు సవరించుకుని ఆ కాగితంలోకి వంగి చూశారు.

“చిన్నక్షరాలు రాయవయ్యా. అందరం పడతాం.”