ఎండకి పెట్టిన సీసా

"బుద్ధుందా మీకు? ఎవరి సీసా, ఎవరు విప్పారు?"

బాలామణి అరుపుకి నెయ్యి కొట్లో బేరాలు ఆగిపోయాయి. కొట్టు యజమాని పుల్లయ్య గారబ్బాయి వెంకటకృష్ణారావు చేతిలో, సీసా నుంచి విప్పిన నల్ల కాగితం ఉంది. తక్కెడ పక్కన, మిటమిటలాడే ఎండలో, చిన్న సీసా.

"సరుకు స్వచ్ఛమైందో కాదోనని ఎండకి పెట్టి చూశానండీ. నెయ్యైనా నూనైనా మేమంతేగా! ఇంతలో బేరమొచ్చింది, మర్చిపోయా."

"అది నెయ్యి కాదు!"

నిజమే, కాదు. మద్రాసు లేబరేటరీలో పనిచేసే బాలామణి దాన్ని హైదరాబాదు తీసుకెళ్తూ, అమ్మమ్మని చూడ్డానికి తిరువూరులో దిగింది. అలాంటి సీసా దొరకడమే గగనమైన రోజులవి. ఊళ్లో ఐసుపెట్టె ఉన్నది ఈ కొట్లోనే కదా అని, నమ్మి దాచుకుంది. నమ్మినందుకు ఇదీ మర్యాద!

"అంత కోపమెందుకండీ? అసలేముంది అందులో?"

"రక్తంలో యాంటీబాడీలుంటాయి. జబ్బు క్రిమిని పట్టుకుంటాయి, కానీ మనకి కనపడవు. ఇది రెండో యాంటీబాడీ. వెళ్లి ఆ మొదటిదాన్ని పట్టుకుంటుంది. దీనికి రంగు అంటించాం, మైక్రోస్కోపులో పచ్చగా వెలుగుతుంది. వెలిగేది! ఎండ తగిలితే ఆ రంగు చస్తుంది."

"వెలుతురుకి చెడిపోయే సరుకేంటండీ? మా తాతల నాటినుంచీ వినలేదు!" అతనికీ రోషం వచ్చింది.

"మంగళవారం హైదరాబాదులో పెద్ద డాక్టర్ల ముందు పరీక్ష చేసి చూపించాలి. ఏమీ కనపడకపోతే, ఆడపిల్లకి పనప్పగిస్తే ఇంతేనంటారు. మీరొచ్చి చెప్తారా సమాధానం?"

చివరి మాట అంటూ ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది. అతని రోషం ఎటుపోయిందో పోయింది.

"ఇంకోటి ఎక్కడుంటుంది?"

"మద్రాసులో. నా పేరు చెప్తే ఇస్తారు."

బెజవాడ బస్సు హారన్ కొట్టింది. అతను బేరాలన్నీ వదిలేసి పరుగెత్తాడు.

ఆదివారం జోరువానలో దిగాడు. మనిషి నిలువునా తడిశాడు. గొడుగు మాత్రం ఐసు డబ్బా మీద ఉంది.

"విప్పి చూశారా?"

"ఒట్టండీ, చూళ్లేదు. దారంతా చెయ్యి దురద పెట్టిందంతే."

నవ్వొచ్చింది, కానీ బాలామణి నవ్వలేదు. నవ్వితే కోపం పోయిందనుకోడూ!

హైదరాబాదులో స్లైడు పచ్చగా వెలిగింది. పెద్ద డాక్టర్లు కుర్చీల్లోంచి లేచి మరీ చూశారు.

నెల తిరక్కుండా పుల్లయ్య గారు కొడుకుని వెంటబెట్టుకుని అమ్మమ్మ ఇంటికి పెళ్లిచూపులకి వచ్చారు. బాలామణి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ మహానుభావుడు తలెత్తితే కదా! చాప వంకే చూస్తున్నాడు.

"ఏంటండీ, నేను నచ్చలేదా?"

"అదేం లేదండీ. నేను చూసి ఒకసారి పాడు చేశాను. మళ్లీ..."

ఆమెకి ఒళ్లు మండింది. "చూస్తే చెడిపోయేది సీసా! నేను కాదు. తలెత్తి చూడండి!"

అమ్మమ్మ నోరు నొక్కుకుంది. కిటికీలోంచి ఎండ తిన్నగా బాలామణి మొహం మీద పడుతోంది. వెంకటకృష్ణారావు తలెత్తి, తీరిగ్గా చూశాడు.