మూడో భాగం

నైట్ డ్యూటీ దిగి నేరుగా పుట్టింటికి వచ్చింది నర్సు. తలుపు తీస్తూనే తల్లి పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగా రావే. నాన్న ఇప్పుడే కుర్చీలో కూర్చున్నారు."

నాన్న పోయి ఏడాది కావస్తోంది. కూతురు చెప్పులు విప్పి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. గోడ అవతలి గదిలో కాగితం తిప్పిన చప్పుడయింది. చటుక్కున వెనక్కి తిరిగి చూసింది. తల్లి మాత్రం ఇక్కడే, గుమ్మంలోనే నిలబడి ఉంది.

ఆయన కళ్ళజోళ్ళు బాగుచేసేవాడు. సెలవు దొరికితే చాలు, పాత కాగితాల కొట్ల మీద పడి వెనకటి సైన్స్ కథల పత్రికలు ఏరుకొచ్చేవాడు. అట్టల మీద రాకెట్లు, మూడు కళ్ళ జీవులు. లోపల ముట్టుకుంటే పొడిరాలే చవక కాగితం. "ఇది ఇల్లా, చిత్తుకాగితాల కొట్టా?" అని సణుగుతూనే, సాయంత్రాలు ఆయన పైకి చదువుతుంటే బట్టలు కుట్టుకుంటూ వినేది ఆవిడ.

ఆయన చివరిగా చదివింది ఒక సీరియల్. చుక్కల మధ్య ఓడ దారి తప్పి ఒంటరిగా మిగిలిపోయిన మనిషి కథ. మొదటి రెండు భాగాలే దొరికాయి. ఆస్పత్రి మంచం మీద కూడా, "వాడు ఇల్లు చేరాడంటావా?" అని భార్యని అడిగాడు. ఆయన పోయాక మూడో భాగం కోసం వెతుకులాట ఆవిడ నెత్తిన వేసుకుంది.

టీలోకి పంచదార కోసం కూతురు చెయ్యి పెడితే డబ్బా వెనక ఒక పార్సిల్ తగిలింది. ఒక పక్క చింపి ఉంది. లోపల అదే సంచిక!

"ఇదేంటమ్మా? దొరకలేదన్నావుగా!"

"అక్కడ పెట్టెయ్."

"దీనికోసం నేను నిద్ర మానుకుని కొట్లన్నీ తిరిగాను. దుమ్ముకి దగ్గు పట్టుకుంది!"

"అరవకు. ఆయన వింటారు."

"ఎవరున్నారు వినడానికి? ఉత్త కుర్చీ! నిన్ను చూస్తుంటే భయమేస్తోందమ్మా. ఇవాళే ఆ గది ఖాళీ చేయిస్తాను."

తల్లి పీట మీద కూలబడింది. "ముగింపు కోసమే వస్తున్నారే ఆయన. అది కాస్తా తెలిసిపోతే, ఇంక దేనికి వస్తారు?"

కూతురి కోపం చప్పున చల్లారిపోయింది. పక్కనే చతికిలబడి తల్లి చెయ్యి పట్టుకుంది.

"నాకూ వినబడుతోందమ్మా, ఆ చప్పుడు. నీకు చెప్పలేదంతే. పాపం, నాన్నని ఇంకా ఎన్నాళ్ళు కూర్చోబెడదాం?"

తల్లి తలూపింది.

గదిలో పాత కాగితం వాసన గుప్పుమంది. కుర్చీ మెత్త మధ్యలో నొక్కుకుపోయి ఉంది. దానికెదురుగా కింద కూర్చుని కూతురు చదవడం మొదలుపెట్టింది. దారి తప్పిన మనిషి ఇల్లు చేరలేదు. అతని గొంతు మాత్రం రేడియోలో చేరింది: "నాకోసం మేలుకుని ఉండకండి. ఇక్కడ నాకేం బాధ లేదు."

ఆ మాట దగ్గర ఆమె చదవడం ఆపేసింది. నాన్న పోయిన రోజున కూడా డ్యూటీ మనిషిలా అన్నీ చక్కబెట్టిందే గాని ఏడవలేదు. ఇప్పుడు పత్రిక ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

ఇద్దరూ చెవి ఒగ్గారు. ఏ అలికిడీ లేదు.

"వెళ్ళిపోయారే," అంది తల్లి, కూతురి తల ఒళ్ళోకి లాక్కుంటూ. తన కళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "ఏడు తల్లీ, ఏడు. నీకోసమూ కూర్చున్నట్టున్నారు ఇన్నాళ్ళూ."