నేల చూపులు

"ఈ లిఫ్ట్‌కి డాక్టరు మావాడే!" అంటూ పెద్దాయన, ఊరంతా చూపించే టవర్ లిఫ్ట్‌లోకి అడుగుపెట్టాడు. వెనకాల ఆయన భార్య, ఆ వెనక వాళ్ళ కొడుకు, లిఫ్ట్ మెకానిక్.

బటన్ల దగ్గర స్టూలు మీద కూర్చున్న ఆపరేటర్ అమ్మాయి చున్నీ సర్దుకుంది. వాళ్ళు వస్తారని ఆమెకు తెలుసు. సిటీ చూపిస్తానని అతను అమ్మానాన్నల్ని పిలిపించిందే ఆమె కోసం.

"ముందు నిన్ను మామూలుగా చూడనీ. మెల్లగా చెప్తాను. నాన్న ముందు నాకు నోరు పెగలదు," అన్నాడు నిన్న ఫోన్లో.

"వచ్చి చూసిపోవడానికి నేనేమైనా మ్యూజియమా? చెప్పు. చెప్పలేకపోతే ఇక నా దగ్గరికి రావొద్దు."

"టవర్ దిగేలోపు చెప్తాను. ఒట్టు."

వాళ్ళ పరిచయమే ఒక గొడవ. "తలుపు అలా విసిరేస్తే పాడైపోతుంది మేడమ్" అని అతను విసుక్కుంటే, "మీరు సరిగ్గా బాగుచేస్తే విసరాల్సిన పనుండదు సార్" అని ఆమె అంటించింది. ఆ తర్వాత ఈ లిఫ్ట్‌కి అవసరం లేని రిపేర్లు చాలా వచ్చాయి.

లిఫ్ట్ పైకి బయల్దేరింది.

"రోజంతా ఈ పెట్టెలోనేనా అమ్మాయ్? విసుగురాదూ?" అన్నాడు పెద్దాయన.

"అలవాటైపోయిందండీ."

"మావాడు నీకు తెలుసా? ఇక్కడికి పని మీద వస్తుంటాడు."

ఆమె తలెత్తి అతని వైపు చూసింది. చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. అతను నోరు తెరిచాడు, తల దించుకున్నాడు.

"పని మీద వచ్చినప్పుడు ఎప్పుడైనా చూసుంటాను నాన్నా," అన్నాడు.

ఆమెకి కోపం కూడా రాలేదు. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. "పై అంతస్తు వచ్చింది, దిగండి," అంది, అందరికీ చెప్పినట్టే.

తలుపు తెరుచుకోగానే గాలి రివ్వున కొట్టింది. తల్లి ఒక్క అడుగు బయటపెట్టి, రెయిలింగ్ అవతల ఎక్కడో కిందున్న రోడ్లని చూసి వెనక్కి వచ్చేసింది.

"అమ్మో, నా వల్ల కాదు. మీరు చూసి రండి. నేనీ అమ్మాయి దగ్గరుంటాను."

తండ్రీకొడుకులు వెళ్ళారు. అమ్మాయి లేచి తన స్టూలు ఆవిడకిచ్చింది. లిఫ్ట్ కిందికెళ్ళింది, పైకొచ్చింది. జనం వచ్చారు, పోయారు. కాసేపటికి లోపల ఇద్దరే మిగిలారు.

"ఇంట్లో ఎవరెవరుంటారు తల్లీ?"

"మా అమ్మా, నేనేనండీ. అమ్మ బట్టలు కుడుతుంది."

ఆవిడ తల ఊపింది. "మావాడు పొద్దుటి నుంచి నోరు మూయలేదు. ఆ బ్రిడ్జి చూడమ్మా, ఆ గడియారం చూడమ్మా అని ప్రతిదీ వేలు పెట్టి చూపించాడు. నీ లిఫ్ట్ ఎక్కాక మాత్రం నేల చూపులు చూశాడు."

అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బటన్ల వైపు తిరిగి నిలబడింది.

"వాళ్ళ నాన్నకి నేను నచ్చజెప్తాలే."

"వద్దండీ. మీరు చెప్తే పెళ్ళవుతుందేమో. కానీ నేనెవరో తెలీదన్న మనిషితో ఎలా బతకాలి? తనే చెప్పాలి."

"సరే, నేను నోరెత్తను," అని ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుంది.

చివరికి తండ్రీకొడుకులు తిరిగొచ్చారు. వాళ్ళతో పాటు ఇంకో గుంపు ఎక్కింది. పెద్దాయన తను చూసినవన్నీ భార్యకి చెబుతూనే ఉన్నాడు. కొడుకు ఒక మూల ఒదిగి నిలబడ్డాడు. దిగుతున్నంతసేపూ అమ్మాయి వెనక్కి తిరగలేదు. అయిపోయిందనే అనుకుంది.

కింద తలుపు తెరుచుకుంది.

"నాన్నా, ఒక్క నిమిషం." కొడుకు తండ్రికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "ఇందాక అబద్ధం చెప్పాను. నేను పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నది ఈ అమ్మాయినే. మీకు చూపిద్దామని తీసుకొచ్చి, తీరా మీ ముందు తెలీనట్టు మాట్లాడాను." ఆమె వైపు తిరిగాడు. "తప్పయిపోయింది. క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు."

దిగుతున్నవాళ్ళు ఆగిపోయారు. పెద్దాయన మొహం కందగడ్డలా అయింది.

"ఈ ముక్క చెప్పడానికి నన్ను టవర్ ఎక్కించి దించాలా?" అని కొడుకుని కసిరి, అమ్మాయి వైపు చూశాడు. "ఇంత పిరికివాడు నీకెలా నచ్చాడమ్మా?"

"ఇందాక నచ్చలేదండీ," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన నవ్వలేదు. "నీ డ్యూటీ ఎప్పటికైపోతుంది?"

"ఐదింటికండీ."

"అయితే కలిసే వెళ్దాం. మీ అమ్మగారితో మాట్లాడాలి."

"నాన్నా, ఇంకా అక్వేరియం చూడాలి, అది ఐదింటికే మూసేస్తారు..."

"చేపలెక్కడికీ పారిపోవు. నువ్వు నోర్మూసుకుని కూర్చో."

బయట క్యూలో జనం విసుక్కుంటున్నారు. ఆమె కొత్తవాళ్ళని ఎక్కించుకుని పైకి వెళ్ళింది. తిరిగి కిందికొచ్చేసరికి ఎదురుగా బెంచీ మీద ముగ్గురూ వరసగా కూర్చుని ఉన్నారు. తల్లి తన పక్కన కాస్త చోటు వదిలి, అందులో హ్యాండ్‌బ్యాగ్ పెట్టింది.

ఎవరో వచ్చి ఆ బ్యాగ్ తీయమన్నారు.

"లేదండీ," అంది ఆవిడ. "ఇక్కడ మా అమ్మాయి కూర్చుంటుంది."