బదిలీ గడి

తార్నాకలో మా గల్లీ చివర నిలబడితే మిల్లు పొగగొట్టం కనబడుతుంది. ఇప్పుడు దానికి పొగ లేదు, రంగు దీపాలున్నాయి. యూనివర్సిటీ వెనక గోడను ఆనుకుని ఇరవై ఏళ్లు పాడుబడి ఉన్న నూలు మిల్లును పోయిన సంవత్సరం కళాకేంద్రం చేశారు. దూది గోదాముల్లో బొమ్మల ప్రదర్శనలు, బాయిలర్ ఉన్న చోట నాటకాలు. క్యాంపస్ పిల్లలు సాయంత్రమైతే ఫొటోలు దిగడానికి అటే పోతారు. నేను మాత్రం ఆ గేటు దాటలేదు.

మా చిన్నాయన గట్టయ్య ఆ మిల్లులోనే నూలు వడికే మిషన్ మీద పని చేసేవాడు. 1986 శ్రావణంలో ఒక సోమవారం పొద్దున సద్దిగిన్నె పట్టుకుని లోపలికి పోయాడు. మళ్లీ ఇంటికి రాలేదు. "డ్యూటీ దిగి పోయిండు, మాకేం తెలుసు" అన్నారు మిల్లువాళ్లు. మా బాపు తమ్ముడి కోసం కాచిగూడ స్టేషన్ దాకా వెతికాడు. శవం లేదు, కబురు లేదు.

మా చిన్నమ్మ లచ్చవ్వ అప్పటి నుంచి బొట్టు తీయలేదు, మెట్టెలు తీయలేదు, చేతి గాజులు తీయలేదు. నా దగ్గరే ఉంటుంది. పెత్రమాస నాడు పోయినవాళ్ల పేర్లు చెప్పి బియ్యం ఇచ్చే పని మా ఇంట్లో నాది. నాలుగు తరాల పేర్లు నోటికొచ్చు. చిన్నాయన పేరు దగ్గర నాలుక ఆగిపోతుంది. బతికున్నవాణ్ణి పోయినవాళ్లలో కలపడం పాపం. పోయినవాణ్ణి ఆకలితో ఉంచడమూ పాపమే.

రెండు నెలలుగా చిన్నమ్మ మంచం దిగడం లేదు. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"వనజా, నేను ముత్తైదువ లెక్క పోవాల్నా, ముండమోపి లెక్క పోవాల్నా? గదొక్కటి తెలుసుకోని చెప్పు బిడ్డా."

ఆ వారంలోనే కళాకేంద్రం నుంచి ఫోను. మనీషా అని, యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ మిల్లు కార్మికుల సంగతులు పోగుచేస్తున్న అమ్మాయి. కాకినాడ వైపు వాళ్లట, రామంతాపూర్‌లో ఇల్లు.

"గట్టయ్యగారి పేరున్న హాజరు పుస్తకం దొరికిందండీ. ఒకసారి రండి ఆంటీ."

"నా నంబరు నీకెవరిచ్చిన్రమ్మా?"

"ఆ పుస్తకంలోనే ఓ చీటీ మీద ఉందండీ. మీవాళ్లే ఎవరో పెట్టుంటారు."

మావాళ్లెవరూ ఆ గడప తొక్కలేదు. అనుమానం అక్కడే మొదలైంది. అయినా చిన్నమ్మ కోసం దేవుడి ముందు దీపం పెట్టి, కుంకుమ పొట్లం కొంగున ముడేసుకుని బయల్దేరాను.

సాయంత్రం ఐదున్నర. గేటు దగ్గర వాచ్‌మన్ సామేలు పేరు రాసుకుని లోపలికి పంపాడు. సోమవారం ప్రదర్శనలు ఉండవట, మనుషులు లేరు. తెల్లగా సున్నం కొట్టిన గోడలు, నున్నటి నేల. ఆ నున్నదనం నాకు నచ్చలేదు. ఏదో కడిగేసినట్టు అనిపించింది.

పొడుగాటి షెడ్డు చివర మనీషా నిలబడి ఉంది. సన్నగా, కళ్లజోడు పెట్టుకుని, నవ్వుతూ. ఆమె వెనక ఒకే ఒక్క మిషన్. మిగతావన్నీ తుక్కు కింద పోయాయట. దీనికి కరెంటు లేదు, బెల్టు లేదు. ఊరికే చూపించడానికి పెట్టారు.

మిషన్ నూనె వాసన. దాంట్లో కలిసి చెమట వాసన.

"గీ వాసన కూడ మీరే కొట్టిన్రా? మాల్‌లల్ల సెంటు కొట్టినట్టు?"

"అయ్యో లేదండీ. ఎంత కడిగినా పోవట్లేదు. మా డైరెక్టరుగారు పోనివ్వకండి, బావుంది అన్నారు" అని నవ్వింది.

బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది. ఆ సోమవారం పేజీయే. ఒక వరుసలో పేరు, దాని పక్కన బదిలీ గడి.

ఆ గడి సంగతి బాపు చెప్పేవాడు. మిల్లులో మిషన్ ఆగకూడదు. తర్వాతి మనిషి వచ్చి, ముందున్నవాడి పేరు పక్కన బదిలీ గడిలో సంతకమో వేలిముద్రో వేసి, మిషన్ దగ్గర నిలబడాలి. అప్పుడే ముందున్నవాడు కదలాలి. "బదిలీ రాకుంటే ఇంట్ల పీనుగ లేసినా గాడ నిలబడుడే" అనేవాడు.

పేజీ నిండా వేలిముద్రలు. గట్టయ్య పేరు పక్కన మాత్రం ఖాళీ.

అంటే డ్యూటీ దిగలేదు. దిగిపోయాడన్న మాట అబద్ధం.

"కుటుంబాలవాళ్లతో ఈ గడిలో సంతకం పెట్టిస్తే బావుంటుందనుకున్నామండీ. జ్ఞాపకంగా" అని మనీషా పెన్ను అందించింది.

పెన్ను పట్టుకున్నాను. కాగితం మీద పెట్టబోయి ఆగాను. మిషన్ అవతల ఎవరో ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది. ఎదురుచూస్తున్నట్టు...

పెన్ను బల్ల మీద పెట్టేశాను.

"ఇబ్బందిగా ఉందా ఆంటీ? మీ బదులు నేను పెడతాలెండి."

వద్దు అనాలి. ఆ గడి అంటే ఏమిటో నాకు తెలుసు, ఆమెకు తెలియదు. వద్దు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. చిన్నమ్మ ముఖం గుర్తొచ్చింది. ఏమవుతుందో చూడాలనిపించింది.

నేను మాట్లాడలేదు.

మనీషా సంతకం పెట్టింది.

ఏమీ కాలేదు. మెట్టుగూడ వైపు రైలు కూసింది. అంతే. తర్వాత నా పక్క నుంచి గాలి కదిలింది... చెమట వాసన నా భుజం రాసుకుంటూ తలుపు వైపు పోయింది.

"మనీషా... పోదాం పా బిడ్డా."

ఆమె మిషన్ దగ్గరికి నడిచింది. వంగింది. తెగిన దారాన్ని ముడివేస్తున్నట్టు వేళ్లు కదులుతున్నాయి. అక్కడ దారం లేదు.

"మీరెళ్లండి ఆంటీ" అంది తలెత్తకుండా. "నాకు కుదరదు."

చెయ్యి పట్టి లాగాను. కదల్లేదు. ఇనుప స్తంభాన్ని లాగినట్టుంది. వేళ్లు మాత్రం ఆగలేదు... నేను పరుగెత్తాను.

గేటు దగ్గర సామేలు బీడీ పారేసి లేచాడు.

"నెమ్మది అమ్మా, పడ్తరు."

"లోపల ఆ పిల్ల..."

"మేడమా? ఆమె రోజూ లేటే." తర్వాత నా వెనక్కి చూసి అడిగాడు. "మీ తోటి వచ్చిన పెద్దాయనను ముందు పంపిచ్చిన్రా? తార్నాక దిక్కు పొయ్యిండు. మాట్లాడిస్తే మల్లి చూడలే."

నేను ఒక్కదాన్నే వచ్చాను.

వెనక్కి పోయి ఆ పిల్లను తెచ్చుకోవాలి. తెలుసు. కానీ ఇంట్లో చిన్నమ్మ ఒక్కతే ఉంది. హనుమంతుణ్ణి తలచుకుంటూ గల్లీ వైపే నడిచాను. దండకం సగంలో మాటలు దొరకలేదు.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాను. రెండు నెలలుగా లేవని చిన్నమ్మ కింద చాప మీద కూర్చుని ఉంది. పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగ... గిప్పుడే ఒరిగిండు."

ఆమె మంచం మీద నిండా దుప్పటి కప్పుకుని ఎవరో గోడ వైపు తిరిగి పడుకున్నారు.

"ముఖం చూసినవా చిన్నమ్మా?"

"లే. వచ్చినప్పటిసంది గోడ దిక్కే ఉన్నడు. అన్నం తినమన్నా పలుకుతలేడు." ఆమె బొటనవేలు నుదుటి బొట్టు మీదికి పోయి ఆగింది. తుడవలేదు. "నువ్వే చూసి చెప్పు బిడ్డా. ఉంచుకోవాల్నా, తీసెయ్యాల్నా."

మంచం దగ్గరికి పోయాను. దుప్పటి అంచు పట్టుకుని మెల్లగా ఎత్తబోయాను.

రాలేదు. లోపలి నుంచి ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

ఆ చేతికి గాజులున్నాయి. ఆ చప్పుడు చిన్నమ్మ గాజులది. చాప మీద కూర్చున్న ఆమె చేతులు బోసిగా ఉన్నాయి.